మూడు టాపులు, రెండు ప్యాంట్లు



ఇక్కడ మనమంతా స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్లు, కులం సర్టిఫికెట్ల తిప్పలు రాసుకుంటుంటం. నేను ఈసారి బట్టల గురించి రాస్తున్న. బట్టల గురించి రాసేందుకు ఏముంటది అనుకోకండి. ఇంటి నుంచి ఒక్క బ్యాగు పట్టుకొని హాస్టల్‌కు పోయినోళ్ళకు ఆ లెక్క ఎంత పెద్దదో తెలుసు. ఆడపిల్లలకైతే ఇంకా బాగా తెలుసు.

మాది ధరూర్ మండలంల ఒక తండా. జూరాలకు దగ్గర. జులైల మా చెల్లెకు దోస్త్‌లో మహబూబ్‌నగర్‌ల డిగ్రీ సీటు వచ్చింది. హాస్టల్‌ల ఉండాలె. మా యాడి కొంగు ముడి విప్పి 2,500 రూపాయలు నా చేతుల పెట్టి, "దీంట్లనే బట్టలు కొనియ్యి. మళ్ళ ఏడాది దాకా అడగొద్దు" అన్నది. చెల్లె అప్పటికే ఫోన్‌ల ఒక యాప్ తెరిచి ఆరు టాపులు గుర్తు పెట్టుకొని ఉన్నది. "అక్కా, 2,500లకు ఆరు టాపులు, మూడు లెగ్గిన్స్ వస్తయి, ఇంకా పైసలు మిగులుతయి చూడు" అని సంబరంగా చూపించింది.

అది చూసినంక నాకు మూడేండ్ల కిందటి నేనే కనిపించిన.

నేను హైదరాబాద్‌ల డిగ్రీల చేరినప్పుడు గట్లనే చేసిన. గురుకులంల ఉన్నన్ని రోజులు యూనిఫాం ఉండె కాబట్టి రంది లేకుండె. ఆ యూనిఫాం బట్ట మందంగ, వేడిగ ఉండేది, మేమంతా దాన్ని తిట్టుకునేటోళ్ళం. కానీ బండకేసి బ్రష్షు కొట్టి ఉతికినా ఏం కాకపోయేది. పదో తరగతి యూనిఫాం ప్యాంటు ఇప్పటికీ నాకు రాత్రి పూట పనికొస్తున్నది. కాలేజీకి వచ్చినంక రోజుకొక డ్రెస్సు కావాలె అనిపించింది. యాప్‌ల నాలుగు టాపులు తెప్పించిన, 249వి రెండు, 299వి రెండు. 149 చొప్పున రెండు లెగ్గిన్స్. అంతా కలిపి 1,394 రూపాయలు. పార్సిల్ వచ్చిన రోజు రూంల అందరికీ తొడిగి చూపించిన.

మొదటి ఉతుకుకు ఒక టాపు పొట్టిగైంది. రెండోదానికి చంకల కాడ, నడుం కాడ చిన్న చిన్న ఉండలు లేచినయి, ముసలి గొర్రె బొచ్చు లెక్క. కొన్నాళ్ళకే లెగ్గిన్స్ ఒకటి తొడ కాడ సన్నగైపోయి వెలుతురు కనపడేది. ఒక్కో టాపు ఇరవై సార్లు వేసుకున్ననేమో. 249 రూపాయల టాపుకు ఇరవై సార్లంటే ఒక్కసారి తొడిగినందుకు పన్నెండు రూపాయల పైన. అప్పట్ల నాకు ఈ లెక్క రాలేదు. ఇంటికి ఫోన్ చేసి 500 అడిగిన.

అది సెప్టెంబర్, అక్టోబర్ నడుమ. మా నడిగడ్డల అది ఏం కాలమో ఈ దిక్కున్నోళ్ళకు చెప్పక్కర లేదు. మిగతా జిల్లాల తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్తున్న. మా దగ్గర పత్తి అంటే మామూలు పత్తి కాదు, సీడ్ పత్తి. కంపెనీలకు విత్తనం పండించే పంట. సాయంత్రం పూట ఆడ చెట్ల మొగ్గలను ఒక్కొక్కటి పట్టుకొని, లోపలి పుప్పొడి భాగాన్ని గోటితోని ఒలిచి గుర్తు పెట్టాలె. తెల్లారినంక మగ పువ్వు తెంపుకొచ్చి ఆ మొగ్గకు అద్దాలె. దీన్నే క్రాసింగ్ అంటరు. వారాల తరబడి నాగా లేకుండ సాగుతది. ఆ దినాలల్ల మా తండాల పిల్లలు బడికి పోయేది తక్కువ, చేనుకు పోయేది ఎక్కువ, నేను కూడా పోయిన. పెట్టుబడికి పైసలు ఆర్గనైజర్ దగ్గర తెచ్చుకుంటం, గింజ ఇచ్చినప్పుడు లెక్క పట్టుకుంటడు, మిత్తితోని. నాకు పంపిన 500 కూడా ఆర్గనైజర్ దగ్గర తెచ్చినవేనని, లెక్కల కలిసినయని నాకు తర్వాత తెలిసింది. అంటే నా చిరిగిన లెగ్గిన్స్‌కు మా యాడి మిత్తి కట్టింది.

ఇంకొకటి రాయాలె. ఇది ఇంట్ల ఎవరికీ చెప్పలేదు. రెండో ఏడాదిల మా కాలేజీకి ఒక కంపెనీ వచ్చింది, ఆరు నెలలు జీతమిచ్చి పని నేర్పిస్తమని. మొదటి రోజు రాత పరీక్షల నా పేరు వచ్చింది. తెల్లారి ఇంటర్వ్యూ. రాత్రి నా దగ్గరున్న బట్టలన్నీ ఒక్క బకెట్ల నానబెట్టిన. కొత్తగ తెప్పించిన ఎర్ర టాపు రంగు వదిలి, ఇంటర్వ్యూకని దాచుకున్న ఒక్క తెల్ల టాపు మచ్చలు మచ్చలుగ గులాబీ అయింది. రాత్రంతా సబ్బు పెట్టి రుద్దిన, పోలేదు. రూంమేటును అడిగితే ఇచ్చేదే. అడగబుద్ధి కాలేదు, అంతకు ముందే రెండుసార్లు అడిగి ఉన్న. పొద్దున జ్వరం వచ్చిందని చెప్పి పడుకున్న.

అంత చిన్నదానికి ఎవరన్నా ఇంటర్వ్యూ ఎగ్గొడతరా అని అడిగేటోళ్ళు ఉంటరు. ఇక్కడ చదివేటోళ్ళల్ల చాలామంది అడగరని నాకు తెలుసు.

అందుకే చెల్లె ఫోన్ చూపించినప్పుడు వద్దన్న. వద్దంటే ఏడ్చింది. "నీకేం, నువ్వు అన్నీ వేసుకొని అయిపోయినవు. నేను ఒక్కటే డ్రెస్సు మళ్ళ మళ్ళ వేసుకుంటే తండా పిల్ల అంటరు" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అంటరు. నన్ను అన్నరు.

ఆ రాత్రి మా యాడి సందూక తీసి మా దాది ఫేటియా బయటికి తీసింది. చెల్లెకు పాఠం చెప్పడానికి ఏం కాదు, అందులకెళ్ళి ఏదో కాగితం కోసం. మీ ఇండ్లల్ల కూడా ఉండే ఉంటది. దాది పోయి చాలా ఏండ్లైంది, ఫేటియా మాత్రం అట్లనే ఉన్నది. చేత పట్టుకుంటే బరువు. మందం నూలు బట్ట మీద దారం పక్కన దారం, వరుస పక్కన వరుస, అద్దాలు, గవ్వలు. చిన్నప్పుడు అదంతా అందం కోసమే అనుకునేదాన్ని. ఇప్పుడు తిరగేసి లోపలి దిక్కు చూస్తే తెలిసింది, సగం అతుకులే. అరిగిన కాడ ఒక ముక్క వేసి, దాని మీద కుట్టు వేసి, మళ్ళ అరిగితే మళ్ళ వేసింది. పైన చూస్తే డిజైన్, లోపల చూస్తే రిపేరు. అన్ని వరుసల కుట్టు పడ్డ బట్ట తొందరగ చినగదు. మనోళ్ళు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశం తిరిగిన కాలంల బట్ట గట్టిగ లేకపోతే ఎట్ల నడుస్తది? ఇప్పుడు అవే పాత ఫేటియాలు, కాంచళ్ళు కోసి హ్యాండ్ బ్యాగులు చేసి పట్నంల అమ్ముతున్నరు. ఒక ఎగ్జిబిషన్‌ల ధర చూసి నేను ఊకున్న.

మళ్ళ ఫేటియా కట్టుకుందమని నేను అంటలేను. కాలేజీకి కట్టుకొని పోలేం, కుట్టుకునే ఓపిక, చేతి పని నాకు రావు. నేను చూసింది ఇంకొకటి. మా ఇంట్ల బట్ట ఎన్ని జన్మలు ఎత్తేదో చూడండి. మా బాపు అంగీ మొదలు పండుగకు, పెండ్లికి. ఏడాది దాటినంక రోజూ తొడుగుడు. కాలర్ చినిగినంక అది యాడిది అయితది, చీర మీద తొడుక్కొని చేనుకు పోతది. పత్తి చేన్ల పుల్లలు గీరకుండ, మందు పడకుండ, ఎండ తగలకుండ. మోచేతులు పోయినంక బొంతల అతుకు. బొంత కూడా పోతే పొయ్యి కాడ మసి గుడ్డ. ఒక్క నూలు అంగీ నాలుగు పనులు చేసి పోతది. నా యాప్ టాపును యాడి మసి గుడ్డకు వాడదమని చూసింది. నీళ్ళు పీల్చలేదు. వేడి గిన్నె పట్టుకుంటే అంటుకుంటదని భయం. "ఇది తుడవడానికి కూడా అక్కరకు రాలేదు" అని బయట పారేసింది. అది ఇప్పటికీ మా కంచెకు ఎక్కడో చుట్టుకొని ఉన్నది. రంగు పోయింది కానీ కుళ్ళి పోలేదు.

మా మేనత్త బిడ్డ బెంగళూరుల గార్మెంట్ల పని చేస్తది. పాలమూరు నుంచి వలస పోయినోళ్ళ కథలు మీకు కొత్త కాదు. పండుగకు వచ్చినప్పుడు దానికి నా టాపు చూపించిన. లోపలి కుట్టు గోటితోని జరిపి చూసింది. "ఇంచుకు ఎన్ని కుట్లు పడాలనేది ఆర్డర్‌ల రాసి ఉంటది అక్కా. సస్తా మాలైతే కుట్టు దూరం దూరం పెట్టమంటరు. దారం మిగులుతది, టైం మిగులుతది. గంటకు ఎక్కువ పీసులు పడతయి" అన్నది. టార్గెట్ కాకపోతే సూపర్‌వైజర్ అరుస్తడట, నీళ్ళు తాగితే బాత్రూంకు పోవలసి వస్తదని నీళ్ళే తక్కువ తాగుతదట. ఇది విన్నప్పుడు ఢాకా దగ్గరి రాణా ప్లాజా గుర్తొచ్చింది. 2013 ఏప్రిల్ 24న ఆ ఎనిమిది అంతస్తుల బిల్డింగ్ కూలి 1,100 మందికి పైగ చనిపోయిన్రు, ఎక్కువ మంది మన వయసు ఆడపిల్లలే. ముందు రోజే గోడలకు పగుళ్ళు కనిపించినయి, అయినా పనికి రమ్మన్నరు. బట్ట అంత తక్కువకు వస్తున్నదంటే నడుమ ఎవరో ఒకరు తక్కువ తీసుకుంటున్నట్టే. ఆ ఒకరు చాలాసార్లు మన అక్కనో చెల్లెనో అయి ఉంటరు.

ఇక గద్వాల పోయిన సంగతి.

ఆటోల పోతుంటే చెల్లె మొహం ముడుచుకొనే ఉన్నది. గద్వాల అంటే ఎవరికైనా చీరలే యాదికొస్తయి. నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేస్తరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. నేను ఫస్ట్ ఇయర్‌ల ఉన్నప్పుడు ఆగస్టు 7న, చేనేత దినోత్సవం నాడు, అందరూ చేనేత బట్టలతోని రావాలన్నరు. "నీదైతే గద్వాల కదా, నీకేంది" అన్నరు క్లాసుల. నా ఒంటి మీద 299 రూపాయల పాలిస్టర్ ఉండె. మేం పత్తి గింజ పండించేటోళ్ళం, పక్క ఊళ్ళోళ్ళు దేశానికి తెలిసిన నూలు చీర నేసేటోళ్ళు, నడుమ నేను పాలిస్టర్‌ల. మా యాడి ఒంటి మీద గద్వాల చీర ఎన్నడూ చూడలేదు. వేలల్ల ఉంటది కదా. ఆమె దగ్గర ఉన్న ఒక్క మంచి నూలు చీర నారాయణపేటది, ఎవరి పెండ్లికో పెట్టింది. మిగతావన్నీ సిరిసిల్ల మరమగ్గాల బతుకమ్మ చీరలు. వాటిని కూడా నేను తిట్టను. వానల తడిస్తే తొందరగ ఆరతయి, చేన్ల పనికి అదే కావాలె అంటది యాడి. ఎండాకాలం మాత్రం ఒళ్ళంత చెమటకాయలు.

మేం చీరల దుకాణాలు దాటి కట్‌పీసుల దుకాణానికి పోయినం. యాడి కూడా వచ్చింది. బట్ట కొనుడు నాకు కాలేజీల ఎవరూ నేర్పలేదు, ఆమెను చూసి నేర్చుకున్న. దుకాణాయన తాను విప్పి పరిచిండు. యాడి ముందుగాల రంగు చూడలే, ధర అడగలే. బట్ట అంచు రెండు చేతుల మధ్య పెట్టి గట్టిగ నలిపింది. తెల్లటి పొడి రాలింది. "గంజి" అని పక్కకు నెట్టింది. అట్లాంటివి దుకాణంల గట్టిగ, మెరుస్తున్నట్టు ఉంటయి, ఒక్క ఉతుకుకు గంజి పోతే వల లెక్క అయితయి. ఇంకో తాను తీసి వెలుతురుకు పెట్టి చూసింది, పోగులు దగ్గరగ ఉన్నయా లేవా అని. తర్వాత అంచుల ఒక పోగు లాగి నాకిచ్చింది. బయటికి పోయి అగ్గిపుల్లతోని కాల్చిన. కాగితం లెక్క కాలి బూడిదైతే నూలు. కరిగి గట్టి పూస లెక్క ముద్దైతే పాలిస్టర్. కొంచెం కాలి కొంచెం ముద్దైతే కలిపిన బట్ట. దుకాణాయన నవ్విండు కానీ ఏం అనలేదు. చివరికి తడి దస్తీ పెట్టి రంగు రుద్ది చూసినం. ఇది నేను పెట్టిన పరీక్ష. ఆ ఇంటర్వ్యూ రాత్రి నేర్పింది.

చెల్లెకు ప్యాంట్లకు మాత్రం నేనే టెరికాటన్ తీసుకోమన్న. ఇది కొందరికి నచ్చకపోవచ్చు. అచ్చం నూలు మంచిదే, కానీ హాస్టల్‌ల వారానికి ఒక్క రోజు నీళ్ళు, ఒక్క దండెం, ఇస్త్రీ లేదు. నూలు ప్యాంటు మోకాళ్ళ కాడ ఉబ్బుతది, రంగు తొందరగ దిగుతది. కలిపిన బట్ట అరుగుడు తట్టుకుంటది, తొందరగ ఆరతది. పై బట్టకు నూలు, కింది బట్టకు కలిపింది. చేనేత బట్టలు పండుగలప్పుడు తగ్గింపుల చూసి ఒకటి తీసుకుందమని మాట్లాడుకున్నం, ఇప్పటికైతే మా సంచిల అంత లేదు.

లెక్క రాస్తున్న, ఎవరికైనా అక్కరకు వస్తదని. టాపులు మూడు. 36 పన్నా బట్ట టాపుకు రెండున్నర మీటర్ల చొప్పున ఏడున్నర మీటర్లు, మీటరు 110, మొత్తం 825. ప్యాంట్లు రెండు, ఒకటి నలుపు, ఒకటి ముదురు నీలం, నాలుగున్నర మీటర్లు, మీటరు 90, అంటే 405. చున్నీలు రెండు, 240. కుట్టు కూలి టాపుకు 200, ప్యాంటుకు 120, అంతా 840. మొత్తం 2,310. ఏ టాపు మీదికైనా ఏ ప్యాంటైనా సరిపోయేటట్టు రంగులు చూసినం, అట్లైతే ఆరు జతల కింద లెక్క. మిగిలిన 190ల ఆటో కిరాయి, ముగ్గురికీ చాయ, మిర్చి.

కుట్టడానికి ఇచ్చే ముందు బట్టంత ఇంటికి తీసుకపోయి ఒక రాత్రి నీళ్ళల్ల నానబెట్టి ఆరేసినం. ఇది మరవకండి. నూలు కుదించుకపోయేది కుట్టక ముందే పోవాలె. టైలరమ్మ ధరూర్‌ల ఉంటది. ఆమెకు మూడే చెప్పినం. పక్కల లోపల ఒక్కో ఇంచు బట్ట వదిలి కుట్టమని, ఎందుకంటే పిల్ల ఇంకా పెరిగే వయసుల ఉన్నది. చంకల కాడ, ప్యాంటు నడిమి కాడ డబుల్ కుట్టు వేయమని. అంచులకు జిగ్‌జాగ్ కొట్టమని. మిగిలిన ముక్కలు వాపస్ అడిగి తీసుకున్నం, అతుక్కు పనికొస్తయి. "ఇప్పటి పిల్లలు ముక్కలు అడుగుతలేరు" అన్నది ఆమె.

ఒకటి ఒప్పుకోవాలె. ఈ పద్ధతిల పోవాలంటే చేతిల ఒక్కసారి 2,000 ఉండాలె. మన ఇండ్లల్ల అదే ఉండదు. 249 అయితే ఏదో ఒక వారం ఉంటది. యాప్‌లోడికి అది బాగా తెలుసు. పేదోళ్ళు చీప్ బట్ట కొని నష్టపోతరు అని పట్నంల చెప్పేటోళ్ళను విన్న, కానీ ఎందుకు కొంటరో వాళ్ళకు తెలియదు. మా యాడి ఆ 2,500 ఎట్ల కూడబెట్టిందో నేను అడగలేదు. ఒక్కసారి మూడు కొనలేకపోతే, మొదలు ఒక్క నల్ల ప్యాంటు గట్టిది కుట్టించుకోండి. తర్వాత స్కాలర్‌షిప్ పడ్డప్పుడు ఒక టాపు. నేను ఇంటర్వ్యూ పోయినంక గట్లనే మొదలుపెట్టిన. ఆ నల్ల ప్యాంటు ఇప్పుడు రెండో ఏడాదిల ఉన్నది, ఒక్కసారి నాడా మార్చిన. దాంతో పాటు కుట్టించిన టాపు 475 పడ్డది, వారానికి రెండుసార్ల లెక్కన వేసుకుంటున్న. రెండొందల సార్లు దాటింది.

తండా పిల్ల అంటరన్న చెల్లె మాటకు మాత్రం నా దగ్గర బట్టలల్ల జవాబు దొరకలేదు. ఆరు టాపులున్నప్పుడు కూడా నన్ను అన్నరు.

ఆగస్టు మొదట్ల చెల్లెను మహబూబ్‌నగర్ హాస్టల్‌ల దింపి వచ్చిన. మూడు టాపులు, రెండు ప్యాంట్లు, ఇంట్ల వేసుకునే పాతవి రెండు, సూది దారం డబ్బా. వారం తర్వాత వీడియో కాల్‌ల ముదురు పచ్చ టాపు వేసుకొని కనిపించింది. మంచిగ కుదిరింది. రూంల ఇంకో పిల్ల ఆ బట్ట ఎక్కడిదని అడిగిందట, ఆ పిల్ల కూడా అచ్చంపేట దిక్కు తండా పిల్లేనట. మాట్లాడుకుంట కెమెరా పక్కకు తిప్పితే మంచం మీద ఒక కవర్ కనిపించింది, ఆ యాప్ కవరే. "అదేంది?" అన్న. "ఒక్కటే అక్కా, 199. ఫ్రెషర్స్ డేకు. యాడికి చెప్పకు" అన్నది.

చెప్పలేదు. ఎర్రదైతే వేరే బకెట్ల ఉతుకు అని మాత్రం చెప్పిన.